చెల్లించడం అంటే డబ్బు ఇవ్వడం ఒక్కటే కాదు

మీరు అడిగినవి రెండు. కిరాణా హోల్‌సేల్ షాపు పెట్టి ఏడాది అయింది, బిల్లుల మీద "చెల్లించవలసినది", "చెల్లించినది" అని రోజూ రాస్తున్నారు, అసలు ఈ "చెల్లించు" అనే మాట ఎక్కడిది, "కట్టు", "తీర్చు" ఉండగా ఇది ఎందుకు అన్నది మొదటిది. షాపు కోసం తెలిసినవారి దగ్గర ప్రోనోటు మీద లక్ష తెచ్చారు, కొంత తిరిగి ఇవ్వబోతుంటే మీ నాన్నగారు "ముందు చెల్లు సంగతి చూసుకో" అన్నారు, ఆ "చెల్లు"కూ ఈ "చెల్లించు"కూ సంబంధం ఏమిటన్నది రెండోది.

రెండూ ఒకే ప్రశ్న. మీ నాన్నగారు ఆ మాటను దాని అసలు అర్థంలో వాడారు. మనమే దాన్ని "పే చేయడం" అనే ఒక్క అర్థానికి కుదించేశాం.

నేను లెక్కలు రాయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. తెనాలిలో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా చేరాను. పొద్దున్న చిట్టా, సాయంత్రం ఆవర్జా. అంటే రోజు జరిగింది జరిగినట్టు చిట్టాలో రాసి, దాన్ని మనిషి మనిషికీ విడగొట్టి ఆవర్జాలోకి ఎక్కించడం. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, పన్నుల పని వచ్చింది. కానీ "చెల్లు" అనే మాట నాకు ఆ ఎర్ర అట్ట పుస్తకాల్లోనే అర్థమైంది. దానికంటే ముందు మా ఇంట్లోనే అర్థం కావలసింది. ఆ సంగతి కిందికి చెబుతాను.

"చెల్లించు" అన్నది "చెల్లు"కు "ఇంచు" చేర్చగా వచ్చిన మాట. ఆడు - ఆడించు, పాడు - పాడించు ఎలాగో ఇదీ అలాగే. ఆడించడం అంటే ఆడేలా చేయడం. చెల్లించడం అంటే చెల్లేలా చేయడం. కాబట్టి అసలు తెలుసుకోవలసింది "చెల్లు" అంటే ఏమిటన్నది.

మనం రోజూ వాడే మాటలే చూడండి. "ఈ నోటు చెల్లదు." "కాలం చెల్లిన మందు." "వాడికి నూకలు చెల్లాయి." "ఆ ఇంట్లో ఆవిడ మాటే చెల్లుతుంది." "అంత ఓపిక నీకే చెల్లింది." "నువ్వు తిట్టావు, నేను తిట్టాను, చెల్లుకు చెల్లు." ఒక్క క్రియ. ఒకచోట ఒప్పుదల, ఒకచోట అయిపోవడం, ఒకచోట అధికారం నడవడం, ఒకచోట తగి ఉండడం, ఒకచోట రెండు వైపులా సరిపోవడం. పైకి పొంతన లేనట్టు ఉంటాయి. వీటన్నిటి అడుగునా ఉన్న అర్థం ఒక్కటే: సాగడం, ముందుకు పోవడం.

తమిళంలో "సెల్" అంటే ఈనాటికీ వెళ్లడమే. అదే మాటకు తమిళంలో నాణెం చలామణి కావడం, చెల్లుబాటు కావడం అనే అర్థాలూ ఉన్నాయి. దాని నుంచే "సెలవు" వచ్చింది. తమిళంలో సెలవు అంటే ఖర్చు, చేతి నుంచి వెళ్లిపోయినది. మన పాత తెలుగులోనూ సెలవుకు ఖర్చు అనే అర్థం ఉండేది. ఇప్పుడు మనకు ఆఫీసు సెలవు, "ఇక సెలవు" మాత్రమే మిగిలాయి. వాటిలోనూ ఉన్నది వెళ్లడమే కదా. కన్నడంలో ఇది "సల్లు", "సల్లిసు". చనుదెంచు, చనిపోవు అన్న మాటల్లో ఉన్న మన "చను" కూడా ఈ కుటుంబానిదే. అందుకే పాత తెలుగులో "ఇది నీకు చనదు" అంటే తగదని అర్థం. "నీకు చెల్లదు" అన్నా దాదాపు అదే.

సాగడం అనే అర్థం డబ్బు దగ్గరికి ఎలా వచ్చింది? నాణెం ద్వారా వచ్చిందని నా అభిప్రాయం. నాణెం గుణం దాని బరువు కాదు, మెరుపు కాదు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఆగకుండా పోవడం. పోతే చెల్లింది. ఎవరో ఒకరు గీటి చూసి, మోగించి చూసి వెనక్కి తోస్తే చెల్లలేదు. పన్నెండో శతాబ్దంలో బసవన్న చెప్పిన ఒక వచనంలో ఈ పోలికే ఉంది. ఈ లోకం కర్త నడిపే కమ్మటం, అంటే నాణేలు ముద్రించే చోటు. ఇక్కడ చెల్లినవారు అక్కడా చెల్లుతారు, ఇక్కడ చెల్లనివారు అక్కడా చెల్లరు. వాడిన క్రియ "సల్లు". మనిషికి నాణేన్ని పోలికగా తెచ్చి ఊరూరా చెప్పారంటే, అప్పటికే ఈ మాట నాణేనికి ఎంత అలవాటుగా అతుక్కుపోయి ఉండాలి!

మన వైపు "షరాబు" అని ఇంటిపేర్లు ఉన్నాయి. వాళ్ల పెద్దల పని ఇదే: నాణెం చెల్లుతుందా, చెల్లితే ఎంతకు చెల్లుతుంది అని తేల్చడం. వరహాలు, రూపాయలు, ఒక్కో సంస్థానం నాణేలు కలిసి తిరిగిన రోజుల్లో వట్టం, అంటే మార్పిడి తేడా, కట్టకుండా ఏ నాణెం ఊరు దాటేది కాదు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా నడిచింది. ఏడు హాలీ సిక్కా రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలు అని లెక్క. తెలంగాణ పెద్దవాళ్లను అడిగితే 1950ల దాకా రెండు రకాల రూపాయల్లో బేరాలు జరిగిన సంగతి చెబుతారు. వెండి వెండే, చెల్లడం మాత్రం సరిహద్దును బట్టి.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్ల గురించి టీవీలో చెప్పినప్పుడు మా వీధిలో అందరి నోటా వచ్చిన మాట ఒకటే: "నోట్లు చెల్లవట." కాగితం అదే, అంకె అదే, బీరువాలో చోటు అదే. సాగడం ఆగిపోయింది. 2023 మే నెలలో 2000 నోటును వెనక్కి తీసుకుంటున్నామని రిజర్వ్ బ్యాంక్ చెప్పినప్పుడు సంగతి వేరు. ఆ నోటు చట్టప్రకారం చెల్లుతుందనే చెప్పింది. అయినా బజారులో చాలామంది పుచ్చుకోలేదు. చట్టంలో చెల్లడం ఒకటి, కౌంటరు మీద చెల్లడం ఒకటి. పది రూపాయల బిళ్ల విషయమూ అంతే. అప్పటివరకు వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని 2018లో రిజర్వ్ బ్యాంక్ ప్రకటించినా, మన రెండు రాష్ట్రాల్లోనూ "పది బిళ్ల వద్దండీ" అనే కొట్లు ఇంకా ఉన్నాయి. మీ కొట్లో ఆ బోర్డు ఉంటే తీసేయండి. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు పైబడిన నాణేలతో వెయ్యి రూపాయల దాకా చెల్లింపు చేయవచ్చు. అర్ధరూపాయి బిళ్లలతో అయితే పది రూపాయల దాకానే.

ఇప్పుడు మీరు అడిగిన "కట్టు", "తీర్చు" సంగతి. బిల్లు కడతాం, ఫీజు కడతాం, పన్ను కడతాం. జీతం మాత్రం కట్టం, ఇస్తాం. అప్పు తీరుస్తాం. మొక్కు చెల్లిస్తాం లేదా తీరుస్తాం, కట్టం. పుట్టినప్పటి నుంచి ఈ భాషలో బతుకుతున్నవాళ్లు ఇందులో తప్పు చేయరు. ఎందుకలా అంటే మాత్రం వెంటనే చెప్పలేరు. "కట్టు" అన్నచోట ముందే ఒక మొత్తం నిర్ణయమై ఉంటుంది. లెక్క కట్టడం, వడ్డీ కట్టడం, ధర కట్టడం అంటాం కదా, ఆ కట్టిన మొత్తాన్ని అవతల ఒక ఆఫీసుకో సంస్థకో ఇస్తాం. "తీర్చు"లో చూపు అప్పు మీద ఉంటుంది. తీరడం అంటే ముగియడం. హిందీ "చుకానా" కూడా ఇలాంటిదే, "చుక్‌నా" అంటే అయిపోవడం. ఇంగ్లీషు వాళ్ల "ఫైనాన్స్" అనే మాటకు మూలంలో ఉన్నదీ ముగించడమే, పాత ఫ్రెంచిలో బాకీ ముగించడాన్ని అలా అనేవారు. వాళ్ల "పే" అయితే శాంతపరచడం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. అప్పు ఇచ్చినవాడు గడప ముందు కూర్చుని ఉంటే వాణ్ని చల్లబరిచి పంపడం. ఆ బాధ అన్ని దేశాల్లోనూ ఒకటే మరి.

మన లెక్కల పుస్తకాల్లోని అరబ్బీ, పారసీ మాటలు ఇంకో వైపు నుంచి చూస్తాయి. "వసూలు" అంటే చేరడం. "రసీదు" అంటే పారసీలో చేరింది అని. "జమ" అంటే పోగవడం. "బాకీ" అంటే మిగిలినది. అది ఏమీ లేకపోతే "బేబాకీ". ఇవన్నీ పుచ్చుకునేవాడి వైపు నుంచి చెప్పే మాటలు. "తీర్చు" ఇచ్చేవాడి వైపు నుంచి. "చెల్లు" ఒక్కటే ఇద్దరి మధ్యా నిలబడుతుంది. ఒకడు ఇవ్వాలి, రెండోవాడు ఒప్పుకోవాలి, అప్పుడే చెల్లింది. ఇచ్చినంత మాత్రాన చెల్లదు. నాణెం కౌంటరు మీద పెట్టగానే చెల్లినట్టు కాదు కదా, అవతలివాడు గల్లాలో వేసుకోవాలి.

ఈ ఒక్క ముక్క మా ఇంటికి తెలియక పోయింది.

1986లో మా అక్క పెళ్లికి నాన్న పదిహేను వేలు అప్పు తెచ్చాడు. నూటికి రూపాయిన్నర వడ్డీ. ఇచ్చినాయన నాన్నకు చిన్నప్పటి నుంచి తెలిసినవాడే, మంచి మనిషి కూడా. నాన్న నోటు రాసి ఇచ్చాడు. తర్వాత నాలుగేళ్లు పంట చేతికి వచ్చినప్పుడల్లా పట్టుకెళ్లి ఇచ్చాడు, ఒకసారి మూడు వేలు, ఒకసారి నాలుగు, అలా మొత్తం పదమూడు వేల దాకా. ఆయన జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకునేవాడు. నాన్న చూస్తూ నిలబడేవాడు. చీటీ అడగడం అంటే స్నేహితుణ్ని అనుమానించినట్టని నాన్న లెక్క. మధ్యలో ఒక్కసారి మాత్రం, 1989లో, ఆయన నోటు బయటికి తీసి "దీని వెనక ఒక చెల్లు వేయరా, గడువు దాటిపోతుంది" అన్నాడు. ఆ రోజు నాన్న ఇచ్చింది ఐదు వందలు. నోటు వెనక ఐదు వందలకు చెల్లు, అంటే అంత ఇచ్చినట్టు, రాసి సంతకం పెట్టి వచ్చాడు.

తర్వాతి ఏడు ఆయన పోయాడు. దినం అయ్యాక కొడుకులు బీరువా తెరిచి నోటు చూశారు. ముందు వైపు పదిహేను వేలు, వెనక వైపు ఐదు వందలు చెల్లు. ఆ చిన్న నోట్‌బుక్ కనబడలేదు. దాచారని నేను అనను, అలాంటివి నిజంగానే పోతాయి. కానీ కాగితం మీద చూస్తే, ఐదు వందలు తప్ప నాన్న ఏమీ ఇవ్వలేదు. పైగా ఆ ఐదు వందల చెల్లు వల్లే నోటుకు దావా గడువు బతికి ఉంది. పెద్దమనుషులు రెండు రోజులు కూర్చుని చివరికి పన్నెండు వేలకు తెగ్గొట్టారు. పాడి గేదెను, పడ్డను అమ్మి, మిగిలింది మేనమామ దగ్గర తెచ్చి కట్టాం. పడ్డను తోలుకెళ్తుంటే అమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ రాత్రి నేను నాన్నతో కోపంగా మాట్లాడాను. ఆయన ఒకటే అన్నాడు: "ఇచ్చింది అబద్ధం కాదురా. చెల్లలేదంతే."

అప్పట్లో ఆ మాట నాకు విధిని తిట్టుకున్నట్టు వినిపించింది. తర్వాత పదేళ్లు లెక్కలు రాశాక అర్థమైంది, ఆయన లెక్క ప్రకారమే మాట్లాడాడని.

అందుకే ఇప్పుడు మీ నోటు సంగతి కాస్త వివరంగా చెబుతాను. అడిగినప్పుడు ఇస్తానని రాసే మామూలు ప్రామిసరీ నోటుకు దావా గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. 2012 జూన్ 10న రాసిన నోటు అనుకోండి, 2015 జూన్ 10తో గడువు తీరుతుంది. ఈలోగా, 2015 ఫిబ్రవరి 4న అప్పు తీసుకున్నవారు కొంత ఇచ్చి, ఇచ్చినట్టు తన చేత్తో రాస్తే, లేదా ఎవరో రాసినదాని కింద సంతకం పెడితే, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలు. అంటే 2018 ఫిబ్రవరి 4 దాకా. 1963 లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ చెప్పేది ఇదే. మొత్తం ఎంతన్నది కాదు, వంద రూపాయలైనా గడువు మారుతుంది. కాకపోతే ఆ చెల్లు గడువు లోపలే పడాలి. 2015 జూన్ 11న ఇచ్చి రాసినా ఆ సెక్షన్ కింద పనికిరాదు. అప్పుడు కావలసింది చెల్లు కాదు, బాకీ ఇస్తానని రాతపూర్వకంగా, సంతకంతో కొత్తగా ఇచ్చే మాట. కాంట్రాక్ట్ చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. చాలామంది కొత్త నోటే రాయించుకుంటారు.

మా వైపు చెల్లు ఇలా రాస్తారు: "ఈ నోటు బాకీ కింద ది 4-2-2015 తేదీన రూ. 5,000 అక్షరాలా ఐదు వేల రూపాయలు చెల్లించి చెల్లు వేసి సంతకం చేశాను." మాటలు ఊరిని బట్టి కొంచెం మారతాయి. ఒక్క వాక్యంలో "చెల్లించి", "చెల్లు" రెండూ ఉన్నాయి చూడండి. రెండూ ఒకటే అయితే రెండుసార్లు రాయనక్కర్లేదు. మొదటిది చేసిన పని, రెండోది ఆ పని నిలబడిందనే గుర్తు.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటి ఉంది. మా నాన్న పడింది అక్కడే. నోటు వెనక వేసిన చెల్లు మీద ఉండేది మీ సంతకం. నోటు ఉండేది అప్పు ఇచ్చినాయన బీరువాలో. అంటే ఆ చెల్లు ముఖ్యంగా ఆయనకే పనికొస్తుంది, గడువు పెరుగుతుంది కాబట్టి. మీకు పనికొచ్చేది ఆయన సంతకంతో మీ చేతికి వచ్చే కాగితం. పాత తెలుగులో దాని పేరు "చెల్లుచీటీ". ఇప్పుడు రసీదు అంటున్నాం. రెండూ ఒకేసారి జరగాలి: నోటు వెనక మీ సంతకంతో చెల్లు, మీ చేతిలో ఆయన సంతకంతో చీటీ. ఐదు వేలు దాటిన మొత్తానికి చీటీ మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం పడాలి. ఆ స్టాంపు తెమ్మంటే ఎవరూ నొచ్చుకోరు, మీరే రెండు జేబులో పెట్టుకుని వెళ్లండి.

చెల్లులో "వడ్డీ కింద"నా, "అసలు కింద"నా అన్నది కూడా రాయాలి. మీది లక్ష అన్నారు. రెండు రూపాయల వడ్డీ అనుకుందాం. నెలకు రెండు వేలు, ఏడాదికి 24 వేలు. రెండేళ్ల తర్వాత యాభై వేలు పట్టుకెళ్లి ఇచ్చారు. ఇంటికొచ్చి "సగం తీరిపోయింది" అనుకుంటారు. కానీ అప్పటికి వడ్డీ 48 వేలు అయి ఉంది. ఏమీ రాయకపోతే మామూలుగా ముందు వడ్డీకే జమ కడతారు. అసలుకు పడేది రెండు వేలే. ఇంకా 98 వేలు బాకీ. మూడో ఏడు వడ్డీ 23,520 అవుతుంది. మీ మనసులో ఉన్న లెక్క ప్రకారమైతే పన్నెండు వేలే కావాలి. ఈ తేడా దగ్గర విడిపోయిన స్నేహాలు, చుట్టరికాలు నేను చాలా చూశాను. ఇద్దరిలో ఎవరూ మోసగాళ్లు కారు. ఇద్దరి పుస్తకాల్లో ఒకే యాభై వేలు వేరు వేరు చోట్ల చెల్లింది, అంతే. వడ్డీలో కొంత తగ్గించి మిగతాది అసలు కింద వేసుకోవడానికి ఆయన ఒప్పుకుంటే, అక్కడికక్కడే రాయించండి. రేపు రాద్దాం అంటే వద్దు.

ఒకే మనిషికి రెండు మూడు బాకీలు ఉంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఏ బాకీ కింద ఇస్తున్నదీ ఇచ్చేటప్పుడే చెప్పే హక్కు మీది. మీరు చెప్పకపోతే ఏ బాకీకి వేసుకోవాలన్నది ఆయన ఇష్టం, గడువు దాటిన పాత బాకీకి కూడా వేసుకోవచ్చు. ఇదీ కాంట్రాక్ట్ చట్టంలో ఉన్నదే. హోల్‌సేల్‌లో రోజూ జరిగేది. నాలుగు బిల్లులు పెండింగ్ ఉంటాయి, ఒకదానికి రిబేటు గడువు రేపటితో అయిపోతుంది. మీరు ఆ బిల్లుకే అనుకుని డబ్బు పంపుతారు, అవతలి గుమాస్తా పాత బిల్లుకు జమ వేస్తాడు. రిబేటు పోతుంది. యూపీఐలో పంపేటప్పుడు కింద చిన్న గడి ఉంటుంది చూడండి, అందులో బిల్లు నంబరు కొట్టడానికి పది సెకన్లు. నా దగ్గర పనిచేసే పిల్లలకు ఆ గడి ఖాళీగా వదలొద్దని మళ్లీ మళ్లీ చెబుతుంటాను.

చెక్కు విషయంలో ఈ మాట ఇంకా బాగా పనికొస్తుంది. చెక్కు ఇచ్చాం, కాబట్టి చెల్లించాం అనుకుంటాం. కాదు. చెక్కుతో చేసేది షరతు మీద ఉన్న చెల్లింపు. అది పాసైతే, ఇచ్చిన రోజే చెల్లించినట్టు లెక్క. వెనక్కి వస్తే చెల్లలేదు, బాకీ బాకీగానే ఉంది, పైన చెక్కు కేసు భయం అదనం. చెక్కుకు కూడా కాలం చెల్లుతుంది: 2012 ఏప్రిల్ నుంచి తేదీకి మూడు నెలలే. ఒక చెక్కు గురించి మాట్లాడుతూ "చెల్లు"ను మూడు అర్థాల్లో వాడేశాను, ఒక్కటీ అతికించినట్టు లేదు. ఈ మాట అంటే నాకు ఇష్టం అందుకే.

మీ బిల్లుల మీది "చెల్లించవలసినది", "చెల్లించినది" గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మొదటిది బాకీ పుట్టినప్పుడు పుస్తకంలోకి వస్తుంది, రెండోది డబ్బు కదిలినప్పుడు. లాభం లెక్కకు ఎక్కువ ఖర్చులు మొదటిదాన్ని బట్టే పడతాయి. కొన్ని పన్నులు, పనివాళ్ల పీఎఫ్ లాంటివాటికి మాత్రం ఆదాయపు పన్ను వాళ్లు నిజంగా చెల్లిస్తేనే ఖర్చుగా ఒప్పుకుంటారు. మీ ఆడిటర్ మార్చిలో "అవి కట్టేశారా?" అని ఫోన్ మీద ఫోన్ చేసేది అందుకే.

అవతలి షాపుకు మీరు పప్పు ఇచ్చి, వాళ్ల దగ్గర నూనె తెచ్చుకున్నారనుకోండి. ఇద్దరి బాకీలూ ఎదురెదురుగా వేసి తేడా మాత్రమే ఇచ్చుకుంటారు. "చెల్లుకు చెల్లు" అన్న మాట తిట్లకంటే ముందు ఇలాంటి లెక్కలదే అని నా నమ్మకం. అది కూడా నోటి మాటగా వదిలేయకుండా, ఇద్దరి ఆవర్జాల్లో ఒకే తేదీన ఎక్కాలి.

ఇక మీరు చేయవలసింది. ఈ వారమే వెళ్లి నోటు ఒకసారి చూపించమని అడగండి. డబ్బు ఇచ్చే ముందు నోటు చూసే హక్కు, మొత్తం ఇచ్చేశాక దాన్ని వెనక్కి తీసుకునే హక్కు 1881 నాటి చట్టమే మీకు ఇచ్చింది. వెనక వైపు తప్పకుండా చూడండి. మీరు వేయని చెల్లు ఏదైనా ఉంటే అప్పుడే అడగవచ్చు, గడువు దగ్గరపడ్డాక పుట్టుకొచ్చే చెల్లుల మీద కోర్టుల్లో ఎన్నో గొడవలు నడుస్తాయి. ఇచ్చేది బ్యాంకు ద్వారా ఇవ్వండి. అప్పు ఇరవై వేలు, అంతకు పైబడితే నగదుగా తీసుకోవడమూ, నగదుగా తిరిగి ఇవ్వడమూ ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. బ్యాంకులో పంపినా చెల్లుచీటీ మానొద్దు. స్టేట్‌మెంట్‌లో డబ్బు వెళ్లినట్టు ఉంటుంది గానీ, ఏ బాకీకి వెళ్లిందో ఉండదు.

చివరి వాయిదా ఇచ్చిన రోజు నోటు మీద అడ్డంగా "పూర్తిగా చెల్లు" అని ఆయన చేత రాయించి, తేదీ వేయించి, సంతకం తీసుకుని నోటు ఇంటికి తెచ్చుకోండి. అక్కడే చింపేయడం మన దగ్గర మర్యాదగా చేస్తారు, టీ తాగుతూ చింపి బుట్టలో వేస్తారు. చింపొద్దు. షాపు కాగితాల్లో, చెల్లుచీటీలన్నీ దానికే పిన్ను చేసి, మూడేళ్లు దాటేదాకా దాచండి. మీ నాన్నగారికి కూడా ఒకసారి చూపించండి.